సాగదీస్తే జీవక్షీణ పాలిమర్ల లోపల ఏం మారుతుంది? చేసి చూసి, కొలిచి తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

అద్దంలా పారదర్శకంగా ఉండే పీఎల్ఏ షీటును, అంటే పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసిన రేకును, గది ఉష్ణోగ్రత దగ్గర వంచి చూడండి. టప్పున విరుగుతుంది. అలాంటిదే ఇంకో ముక్కను 75 డిగ్రీల దాకా వేడిచేసి, మూడు నాలుగు రెట్లు సాగదీసి, బిగువు వదలకుండా చల్లార్చి వంచండి. ఈసారి మడత పడుతుంది, విరగదు. రసాయన సూత్రం అదే. కొత్తగా ఏమీ కలపలేదు, ఏదీ తీసెయ్యలేదు.

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని మనకు కావలసినట్టు ఎలా రప్పించాలి, వచ్చిందో లేదో ఎలా కొలవాలి, పాలిమర్ క్షీణించే వేగం మీద దాని ప్రభావం ఎంత అన్నదే ఈ వ్యాసం. ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులనూ, ఫిల్ములు, దారాలతో పనిచేసేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాశాను. ల్యాబు అందుబాటులో లేనివాళ్ల కోసం వేడినీళ్లతో చేసే ప్రయోగం కూడా ఉంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే.

మొదలుపెట్టే ముందు: ఏది మారుతుంది, ఏది మారదు

జీవక్షీణ పాలిమర్లలో, అంటే ప్రకృతిలోనో శరీరంలోనో క్రమంగా క్షీణించిపోయే పాలిమర్లలో, బాగా వాడుకలో ఉన్నవి ఎక్కువగా పాలీఎస్టర్లే. వేల యూనిట్లు ఎస్టర్ బంధాలతో ఒకదాని వెనక ఒకటి కలిసిన పొడవాటి గొలుసులు అవి. మామూలు సాగదీతలో ఈ బంధాలు చెప్పుకోదగ్గంతగా తెగవు. కాబట్టి "సాగదీస్తే అణునిర్మాణం మారుతుంది" అన్నప్పుడు సూత్రం మారుతుందని అనుకోకూడదు. మారేది గొలుసుల రూపం, దిశ, అవి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకునే తీరు.

కరిగిన పాలిమర్‌ను చటుక్కున చల్లారిస్తే గొలుసులు చిక్కుపడ్డ జుట్టులా ఎటుపడితే అటు చుట్టుకుని గడ్డకడతాయి. తగిన వేడిలో లాగడమంటే ఆ చిక్కును దువ్వడమే. చిక్కుముడులు కొన్ని జారి విడిపోతాయి, కొన్ని బిగుసుకుంటాయి. బిగిసిన ముడులే గొలుసులను పట్టుకుని లాగే దిశలోకి తిప్పుతాయి. ఒక దిశకు వచ్చిన గొలుసులు దగ్గరికి జరుగుతాయి. అవి బాగా దగ్గరైతే స్ఫటికాలు పుడతాయి. కొంతవరకే దగ్గరైతే మీసోఫేజ్ అనే మధ్యస్థ స్థితిలో ఆగుతాయి. స్ఫటికాల మధ్య మిగిలిన అస్ఫటిక భాగం, అంటే స్ఫటికంగా పేర్చుకోని భాగం, కూడా ముందులా వదులుగా ఉండదు, బిగువెక్కుతుంది. చాలామంది స్ఫటికాల శాతం కొలిచి అక్కడితో ఆపేస్తారు. నన్నడిగితే, పీఎల్ఏ పెళుసుతనం పోవడంలో పెద్దపాత్ర ఈ బిగుసుకున్న అస్ఫటిక భాగానిదే.

మొదటి అడుగు: పాలిమర్‌ను ఎంచుకుని దాని రెండు ఉష్ణోగ్రతలు తెలుసుకోవడం

ఒకటి గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత. ఇక్కడినుంచి దాన్ని టీజీ అందాం. దానికి కింద అస్ఫటిక భాగంలోని గొలుసులు గాజులో ఇరుక్కున్నట్టే, కదలవు. రెండోది స్ఫటికాలు కరిగే ఉష్ణోగ్రత. సాగదీతకు పనికొచ్చే కిటికీ ఈ రెండింటి మధ్యే ఉంటుంది, అదీ ఎక్కువసార్లు టీజీకి దగ్గర్లో.

- పీఎల్ఏ: టీజీ 55–60, కరగడం 150–180 మధ్య. వేడిచేసి సాగదీయాలి.
- పీజీఏ, అంటే పాలీగ్లైకోలిక్ ఆమ్లం: టీజీ 35–40, కరగడం 220–225. శరీరంలో కరిగిపోయే కుట్టు దారాలకు 1970ల తొలినాళ్ల నుంచి వాడుతున్నారు. ఆ దారాల బలం సాగదీత నుంచి వచ్చిందే.
- పీహెచ్‌బీ, అంటే పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్: టీజీ సుమారు 4, కరగడం 175–180. బ్యాక్టీరియా తయారుచేసే పాలిమర్. 1926లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమాయిన్ వెలుగులోకి తెచ్చాడు.
- పీసీఎల్, అంటే పాలీకాప్రోలాక్టోన్: టీజీ మైనస్ 60, కరగడం 60 దగ్గర. గదిలోనే చేత్తో లాగొచ్చు.
- పీబీఎస్, అంటే పాలీబ్యూటిలీన్ సక్సినేట్: టీజీ మైనస్ 30 ప్రాంతం, కరగడం 114 దగ్గర. ఇదీ గది ఉష్ణోగ్రతలోనే సాగుతుంది.

కొత్తవాళ్లకు పీఎల్ఏ మంచిది. టీజీ మనం సులువుగా చేరుకోగలిగే చోట ఉంది, చల్లార్చగానే అమరిక గడ్డకట్టి నిలిచిపోతుంది, దాని మీద జరిగిన పరిశోధనా ఎక్కువ. కాకపోతే పీఎల్ఏ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే చాలదు. గొలుసులో ఎల్-లాక్టిక్ యూనిట్ల మధ్య, వాటికి అద్దంలో ప్రతిబింబంలాంటి డి-యూనిట్లు ఎంత శాతమో కూడా కావాలి. 1–2 శాతం ఉంటే స్ఫటికాలు బాగా పుడతాయి, 4 శాతం దగ్గర నెమ్మదిస్తాయి, 12 శాతం దాటితే దాదాపు పుట్టనే పుట్టవు. డి-యూనిట్లు ఎక్కువున్న గ్రేడును ఎంత లాగినా గొలుసులు వరుసలోకి వస్తాయి గానీ స్ఫటికాలు రావు. తయారీదారు ఇచ్చే డేటా షీటులో ఈ అంకె లేకపోతే అడిగి తెప్పించుకోండి.

రెండో అడుగు: నమూనా తయారీ

ఇక్కడి అజాగ్రత్త మొత్తాన్నీ పాడుచేస్తుంది. ఎస్టర్ బంధానికి నీరంటే పడదు. తడి గుళికలను 190–200 డిగ్రీల దగ్గర కరిగిస్తే జలవిశ్లేషణ, అంటే నీటి వల్ల బంధాలు విడిపోవడం, జరిగి గొలుసులు కరిగించేటప్పుడే తెగిపోతాయి. తెగి పొట్టివైన గొలుసులకు చిక్కుముడులు తక్కువ. లాగితే జారిపోతాయి తప్ప వరుసలోకి రావు. అందుకే పీఎల్ఏ గుళికలను వాక్యూమ్ ఓవెన్‌లోనో డ్రయర్‌లోనో తేమ 250 పీపీఎం (పది లక్షల భాగాల్లో 250) లోపుకు దిగేదాకా ఆరబెట్టండి. స్ఫటికాలున్న గ్రేడులైతే 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు పడుతుంది. అస్ఫటిక గుళికలను మాత్రం టీజీకి కిందే, 45 డిగ్రీల దగ్గర, ఎక్కువసేపు ఆరబెట్టాలి. లేకపోతే ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి.

తరువాత హాట్ ప్రెస్‌లో 0.2–0.3 మిల్లీమీటర్ల షీటుగా నొక్కి, వెంటనే మంచునీళ్లలో ముంచండి. నెమ్మదిగా చల్లారిస్తే గోళాకారపు స్ఫటికాలు ముందే పుట్టి షీటు మసకబారుతుంది. అప్పుడు మీరు సాగదీసేది వేరే పదార్థం అనుకోవాలి. షీటు కింద అచ్చు పుస్తకం పెడితే అక్షరాలు స్పష్టంగా కనబడాలి. ఇది చవకైన పరీక్షే అయినా నమ్మదగ్గది.

షీటు మీద సన్నటి మార్కర్‌తో 5 మిల్లీమీటర్ల గళ్లు గీయండి. లాగే యంత్రం చూపే సాగుడు నమూనాను పట్టుకునే క్లాంపుల మధ్య దూరానిది, నమూనా నడుమ సాగింది అంతే కాకపోవచ్చు. నిజమైన సాగు నిష్పత్తిని గళ్ల మీదే కొలవాలి.

ఇంకో సంగతి వయసు. టీజీకి కింద నిల్వ ఉన్న పీఎల్ఏ ఊరికే ఉండదు, గొలుసులు కొంచెం కొంచెంగా సర్దుకుంటూ దట్టమవుతాయి. దీన్ని ఫిజికల్ ఏజింగ్ అంటారు. నిన్న చేసిన షీటూ, నెలకిందట చేసిన షీటూ ఒకేలా ప్రవర్తించవు. నమూనాలన్నీ ఒకే వయసువి వాడండి. లేదంటే టీజీకి కాస్త పైన కొన్ని నిమిషాలు ఉంచి వెంటనే చల్లారిస్తే ఆ పాత జ్ఞాపకం చెరిగిపోతుంది.

మూడో అడుగు: సాగదీత

మీ చేతిలో ఉండే మీటలు నాలుగు: ఉష్ణోగ్రత, వేగం, నిష్పత్తి, లాగిన తరువాత చల్లార్చే పద్ధతి. ఈ నాలుగూ రాయకుండా "సాగదీసిన పీఎల్ఏ" అని రిపోర్టులో రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

వీటిలో పెద్దది ఉష్ణోగ్రతే. టీజీకి కింద లాగితే గొలుసులు కదల్లేవు. బలం ఒక్కచోట పోగై, లాగే దిశకు అడ్డంగా సన్నటి తెల్లచారలు వస్తాయి. వాటిని క్రేజ్‌లు అంటారు. లోపల సూక్ష్మమైన ఖాళీలూ, వాటిని కలిపే నూలుపోగుల్లాంటి తంతువులూ ఉంటాయి. ఆ వెంటనే నమూనా విరుగుతుంది.

టీజీ దాటాక, 4 శాతం ప్రాంతంలో డి-యూనిట్లున్న పీఎల్ఏను 70 డిగ్రీల దగ్గర లాగితే ప్రధానంగా మీసోఫేజ్ వస్తుంది. గొలుసులు సమాంతరంగా చేరతాయి గానీ స్ఫటికంలో కుదురుకునేంత కదలిక వాటికి ఉండదు. 90 డిగ్రీల దగ్గర లాగితే ఆ కదలిక ఉంటుంది కాబట్టి ఆల్ఫా ప్రైమ్ అనే స్ఫటిక రూపం (మామూలు ఆల్ఫా స్ఫటికం కంటే అమరిక కాస్త వదులుగా ఉండేది) పుడుతుంది. నడుమ 80 దగ్గర రెండూ కలిసి ఉంటాయి. ఇరవై డిగ్రీల తేడాలో పదార్థమే మారిపోతోందన్నమాట! ఓవెన్‌లో థర్మామీటరు నమూనా పక్కనే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

అలాగని వేడి పెంచుకుంటూ పోతే లాభం లేదు. వేడెక్కేకొద్దీ గొలుసులు మళ్లీ చుట్టుకునే వేగమూ పెరుగుతుంది. మీరు దువ్వుతుంటే అవి చిక్కుపడుతుంటాయి. ఈ పోటీలో గెలవాలంటే సాగదీత రేటును గొలుసు సడలడానికి పట్టే కాలంతో గుణిస్తే 1 కంటే ఎక్కువ రావాలి. తేనెలా జారిపోయేంత వేడిలో నెమ్మదిగా లాగితే షీటు పొడవవుతుంది, లోపలి అమరిక మాత్రం మారదు. పైగా పీఎల్ఏ 100–110 దగ్గర లాగకపోయినా తనంతట తానే త్వరగా స్ఫటికీకరిస్తుంది. అందుకే 75–85 మధ్య మొదలుపెట్టండి. నమూనా అంతటా ఒకే వేడి రావడానికి రెండు మూడు నిమిషాలు ఆగితే చాలు, అంతకంటే నానబెట్టొద్దు.

వేగాన్ని నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని కాక, నమూనా పొడవుతో భాగించి రాయండి. 50 మిల్లీమీటర్ల నమూనాను నిమిషానికి 50 మిల్లీమీటర్ల చొప్పున లాగితే రేటు సెకనుకు 0.017. నమూనా పొడవయ్యేకొద్దీ అదే వేగానికి అసలు రేటు తగ్గుతూ వస్తుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు బలం–సాగుడు గ్రాఫు చదవాలి. మొదట నిటారుగా లేచే భాగంలో గొలుసులు కొద్దిగా వంగుతాయి, వదిలితే యథాస్థితికి వస్తాయి. తరువాత గ్రాఫు వంగి దాదాపు అడ్డంగా సాగుతుంది. కొన్ని పాలిమర్లలో ఇక్కడే నమూనా ఒకచోట సన్నబడి మెడ ఏర్పడుతుంది, ఆ మెడ రెండువైపులా పాకుతుంది. ఆ దశ ముగిశాక గ్రాఫు మళ్లీ పైకి లేస్తుంది. అదే స్ట్రెయిన్ హార్డెనింగ్. ముడులు బిగిసి, కొత్తగా పుట్టిన స్ఫటికాలు గొలుసులకు కొత్త కొక్కేలైపోయాయని దాని అర్థం. నమూనాలను మూడు చోట్ల ఆపి తీసుకోండి: గ్రాఫు లేవకముందు, లేవడం మొదలైన చోట, బాగా లేచాక. ఒక్క చివరి నమూనానే కొలిస్తే నిర్మాణం ఎప్పుడు మారిందో తెలియదు.

ఆపిన వెంటనే, క్లాంపులు విప్పకుండా, గాలి ఊదుతూ 40 డిగ్రీల కిందికి చల్లార్చండి. వేడిగా ఉండగానే విప్పితే చేసిన పనంతా క్షణంలో వెనక్కి పోతుంది.

మొదటినుంచే స్ఫటికాలున్న నమూనాను లాగితే కథ వేరు. పలకల్లా ఉండే స్ఫటికాలు ముందు పక్కకు ఒరుగుతాయి, తరువాత ముక్కలవుతాయి. ఆ ముక్కల్లోంచి గొలుసులు బయటికి లాగబడి, లాగే దిశలో సన్నటి తంతువులుగా మళ్లీ కట్టుకుంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య వంతెనలా మిగిలే గొలుసులే దారానికి బలం.

ల్యాబు లేనివాళ్లకు: 3డీ ప్రింటర్ ఫిలమెంటుతో

రంగులేని పారదర్శక పీఎల్ఏ ఫిలమెంటు, 1.75 మిల్లీమీటర్ల మందంది, ఓ జానెడు తీసుకోండి. రంగువేసినదైతే తరువాత వెలుతురు పరీక్షకు పనికిరాదు. సెంటీమీటరు ఎడంతో గీతలు పెట్టండి. నడిభాగాన్ని 75 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, రెండు చివరలూ శ్రావణాలతో పట్టుకుని స్థిరంగా లాగండి. మందపాటి గ్లౌజులు తప్పనిసరి. మొదట తేలిగ్గా వస్తుంది, ఒక దశలో చేతికి ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురు దెబ్బే గ్రాఫులో చెప్పుకున్న స్ట్రెయిన్ హార్డెనింగ్. అక్కడే ఆగి, పట్టు వదలకుండా చన్నీళ్లలోకి మార్చండి.

ఇప్పుడు మందం కొలవండి. సాగదీతలో ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి, పాత వ్యాసాన్ని కొత్త వ్యాసంతో భాగించి వర్గం చేస్తే సాగు నిష్పత్తి వస్తుంది. 1.75 కాస్తా 0.9 అయితే భాగఫలం 1.94, వర్గం చేస్తే 3.8 దగ్గర. గీతల మధ్య దూరం కూడా 3.8 సెంటీమీటర్లు ఉండాలి. రెండూ కలవకపోతే సాగుడు అంతటా సమంగా జరగలేదన్నమాట.

ఇందులోంచి ఓ చిన్న ముక్క కత్తిరించి 85–90 డిగ్రీల నీళ్లలో వేయండి. కళ్లముందే ముడుచుకుని లావవుతుంది. గొలుసులు తెగిపోయి ఉంటే పాత రూపం గుర్తుండదు. ముడులు అలాగే ఉన్నాయి కాబట్టి, వేడి తగలగానే చుట్టుకున్న రూపంలోకి వెళ్లిపోయాయి. పూర్తిగా వెనక్కి రాకుండా కొంత పొడవు మిగిలితే, ఆ మేరకు స్ఫటికాలు పుట్టి గొలుసులను పట్టి ఉంచాయనో, కొన్ని ముడులు జారిపోయాయనో అనుకోవచ్చు. రెండింటిలో ఏదో తేల్చడానికి కింది కొలతలు కావాలి.

నాలుగో అడుగు: కొలవడం

ఏ ఒక్క పరికరాన్నీ ఒంటరిగా నమ్మకండి. ఒక్కొక్కటి ఒక్కో సంగతే చెబుతుంది.

*ధ్రువిత కాంతి.* రెండు పోలరైజర్ ఫిల్ములను అడ్డంగా పెడితే వెలుతురు ఆగిపోతుంది. మధ్యలో సాగదీయని షీటు పెట్టినా చీకటే. సాగదీసినదాన్ని 45 డిగ్రీల కోణంలో పెడితే రంగులు వెలుగుతాయి. గొలుసుల దిశలో, అడ్డదిశలో వక్రీభవన గుణకాలు వేరుగా ఉండటమే కారణం. దీన్నే ద్వివక్రీభవనం అంటారు. ఈ రెండు దిశల కాంతిలో ఒకటి రెండోదానికంటే ఎంత దూరం వెనకబడిందో, ఆ వెనకబాటును మందంతో భాగిస్తే విలువ వస్తుంది. 50 మైక్రోమీటర్ల ఫిల్ములో వెనకబాటు 550 నానోమీటర్లు అనుకుంటే ద్వివక్రీభవనం 0.011. మొత్తం మీద గొలుసులు ఎంత వరుసలో ఉన్నాయో ఇది చెబుతుంది. ఆ వరుస స్ఫటికాల్లో ఉందా, అస్ఫటిక భాగంలో ఉందా అన్నది చెప్పదు.

*డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరీమెట్రీ).* నమూనాను నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తూ అది తీసుకునే, విడిచే వేడిని కొలుస్తారు. సాగదీయని అస్ఫటిక పీఎల్ఏలో 100–120 దగ్గర స్ఫటికాలు కొత్తగా పుట్టే శిఖరం కనిపిస్తుంది. సాగదీసినదాంట్లో అది చిన్నదై, ఎడమకు, తక్కువ ఉష్ణోగ్రతలకు జరుగుతుంది. గొలుసులు ముందే వరుసలో ఉన్నాయి కాబట్టి స్ఫటికం కావడానికి తక్కువ వేడి చాలు.

శాతం లెక్కకు, కరిగేటప్పుడు తీసుకున్న వేడిలోంచి పరీక్ష మధ్యలో పుట్టిన స్ఫటికాల వేడిని తీసేసి, నూటికి నూరు శాతం పీఎల్ఏ స్ఫటికానికి వాడుకలో ఉన్న గ్రాముకు 93 జౌళ్లతో భాగించాలి. కరిగే శిఖరం 38, మధ్యలో పుట్టిన శిఖరం 8 అనుకుందాం. తేడా 30, అంటే 32 శాతం. ఆ తీసివేత మరిచిపోతే 41 శాతమని వస్తుంది, అది తప్పు. పీహెచ్‌బీకైతే 93 బదులు 146 వాడతారు.

ఇక్కడ పొరపడే చోటు ఒకటుంది. టీజీ దాటగానే కనిపించే చిన్న లోయ మీసోఫేజ్ కరగడం వల్ల కావచ్చు, పాతబడ్డ నమూనా ఏజింగ్ వల్ల కూడా కావచ్చు. రెండూ ఒకేచోట, ఒకేలా కనిపిస్తాయి. డీఎస్‌సీ ఒక్కదానితో మీసోఫేజ్ ఉందని తేల్చేవాళ్లను చూస్తే నాకు అనుమానమే.

*ఎక్స్‌రే వివర్తనం.* అనుమానం తీర్చేది ఇదే. రాగి ట్యూబు ఎక్స్‌రేలతో అస్ఫటిక పీఎల్ఏ 16–17 డిగ్రీల కోణం (2 తీటా) దగ్గర వెడల్పాటి మసక గుట్టను ఇస్తుంది. స్ఫటికాలుంటే 16.7, 19 డిగ్రీల దగ్గర పదునైన శిఖరాలు లేస్తాయి. వీలైతే ద్విమితీయ (2డీ) చిత్రం తీయించండి. సాగదీయనిదాంట్లో గుండ్రటి వలయం ఉంటుంది. లాగేకొద్దీ వలయం తెగి చాపాలవుతుంది, చివరికి చుక్కలవుతుంది. మీసోఫేజ్ అయితే మసక మసకగానే ఉంటుంది, కానీ వలయమంతా పరుచుకోకుండా లాగిన దిశకు లంబంగా రెండు పక్కల పోగవుతుంది. చాపం వెడల్పు నుంచి హెర్మన్స్ గుణకం లెక్కించవచ్చు. అది 0 అయితే గొలుసులకు దిశ లేదు, 1 అయితే అన్నీ లాగిన దిశలోనే, మైనస్ 0.5 అయితే అన్నీ అడ్డంగా.

*ఇన్‌ఫ్రారెడ్.* 955 తరంగసంఖ్య (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో ఆ లెక్క) దగ్గరి పట్టీ అస్ఫటిక గొలుసులది, 921 దగ్గరిది ఆల్ఫా స్ఫటికంలోని మెలికలది. మీసోఫేజ్ అయితే 918 దగ్గర, బీటా స్ఫటికం అయితే 908 దగ్గర వెతకాలి. తేడాలు చాలా చిన్నవి, అందుకే సాగదీయని నమూనా గ్రాఫును పక్కన పెట్టుకునే పోల్చండి. ఫిల్ము పలుచగా లేకపోతే పట్టీలు నిండిపోయి ఏమీ తేలదు.

మెలిక విప్పుకునేవి, విప్పుకోనివి

పీఎల్ఏ ఆల్ఫా స్ఫటికంలో గొలుసు మెలిక తిరిగి ఉంటుంది: మూడు చుట్లకు పది యూనిట్లు, పొడవు 2.88 నానోమీటర్లు. ఎక్కువ వేడిలో గట్టిగా లాగితే బీటా రూపం వస్తుంది. అందులో చుట్టుకు మూడు యూనిట్లు. యూనిట్‌కు పొడవు లెక్కేస్తే రెండింటికీ దాదాపు 0.29 నానోమీటర్లే. రూపం మారినా గొలుసు పెద్దగా పొడవవలేదు.

పీహెచ్‌బీలో అలా కాదు. ఆల్ఫా రూపంలో రెండు యూనిట్లకు 0.596 నానోమీటర్లు. గట్టిగా లాగాక స్ఫటికపు పలకల మధ్య ఇరుక్కున్న గొలుసులు పూర్తిగా విప్పుకుని వంకరటింకర గీతలా నిటారుగా నిలుస్తాయి. ఈ బీటా రూపంలో ఒక్కో యూనిట్‌కు 0.46 నానోమీటర్లు, అంటే ముందున్నదానికి ఒకటిన్నర రెట్లు. పీహెచ్‌బీ పెళుసుదన్న పేరు మామూలుగా వాడే రూపానిదే. మంచునీళ్లలో చల్లార్చి, స్ఫటికాలు ఎదగకముందే లాగి, తరువాత మళ్లీ లాగి, బిగువు మీదే వేడిచేస్తే గట్టి దారాలు వస్తాయని జపాన్ పరిశోధకులు చూపించారు.

పీబీఎస్ ఇంకా విచిత్రం. లాగి పట్టుకుంటే స్ఫటికంలో గొలుసు పునరావృత పొడవు 1.09 నుంచి 1.19 నానోమీటర్లకు పెరుగుతుంది. వదిలేస్తే వెనక్కి పోతుంది. దీన్ని చూడాలంటే ఎక్స్‌రే కిందే బిగించి లాగాలి. విప్పి తీసుకెళ్తే అక్కడ మీకు పాత రూపమే కనిపిస్తుంది.

ఐదో అడుగు: వేడితో స్థిరపరచడం

75 దగ్గర లాగిన పీఎల్ఏ ఫిల్మును అలాగే వదిలేస్తే వేడి తగిలిన ప్రతిసారీ ముడుచుకుంటుంది. ఫ్రేములో బిగించి 120–140 మధ్య కొద్దిసేపు ఉంచితే వరుసలో ఉన్న గొలుసులు ఆల్ఫా స్ఫటికాలుగా స్థిరపడతాయి, మీసోఫేజ్ కరిగి స్ఫటికంగా మారుతుంది. ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. ప్యాకింగుకు వాడే రెండువైపులా సాగదీసిన పీఎల్ఏ ఫిల్ముల తయారీ వరుస కూడా ఇదే: పొడవునా లాగు, అడ్డంగా లాగు, బిగువు మీద వేడిచెయ్యి. కుంచించుకునే తత్వమే అవసరమైన ఉత్పత్తులకు ఈ అడుగు వదిలేస్తారు.

ఆరో అడుగు: క్షీణించే వేగం మారిందా?

నీరైనా ఎంజైమైనా ముందు దాడిచేసేది వదులుగా ఉన్న అస్ఫటిక భాగం మీదే. సాగదీస్తే స్ఫటికాలు పెరుగుతాయి, మిగిలిన అస్ఫటిక భాగమూ బిగుస్తుంది, నీరు చొరబడటానికి సందు తగ్గుతుంది. అందుకే వేడిలో బాగా లాగి స్థిరపరచిన నమూనా సాధారణంగా నెమ్మదిగా క్షీణిస్తుంది. పీఎల్ఏను ప్రొటీనేస్ కే అనే ఎంజైమ్‌లో ఉంచితే ఈ తేడా త్వరగా బయటపడుతుంది. అయితే దీన్ని సూత్రంలా బట్టీ పట్టకూడదు. టీజీకి కింద లాగి ఖాళీలు తెప్పించిన నమూనాలో నీటికి దారులు పెరుగుతాయి. పీహెచ్‌బీ దారాల్లో నిటారు బీటా భాగాన్ని ఎంజైమ్ ఆల్ఫా కంటే త్వరగా కొరికేస్తుంది. గట్టిపడిందంతా మొండికేస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

పరీక్షకు సాగదీసినవీ, సాగదీయనివీ ఒకే మందంలో ఉండాలి. ఇది తప్పించుకోలేని నియమం. నాలుగు రెట్లు లాగిన ఫిల్ము పలుచబడుతుంది, బరువుతో పోలిస్తే ఉపరితలం పెరుగుతుంది, ఎంజైమ్ ఉపరితలం నుంచే తింటుంది. మరీ మందంగా ఉన్నా చిక్కే: పీఎల్ఏ లోపల పుట్టే ఆమ్లం బయటికి పోలేక అదే జలవిశ్లేషణను తొందరపెడుతుంది, నడిభాగం ముందు కుళ్లుతుంది. కావలసిన చివరి మందాన్ని ముందే అనుకుని, దాన్నిబట్టి మొదటి షీటు మందాన్ని లెక్కవేసుకోండి.

ఉష్ణోగ్రతలోనూ జాగ్రత్త. పారిశ్రామిక కంపోస్టు పరీక్షలు 58 డిగ్రీల దగ్గర జరుగుతాయి. అది పీఎల్ఏ టీజీకి ఆనుకునే ఉంది, నీరు పీల్చిన పీఎల్ఏ టీజీ ఇంకా కిందికి దిగుతుంది. స్థిరపరచని ఫిల్ము కంపోస్టులో పడగానే కుంచించుకుని, మీరు కష్టపడి తెచ్చిన అమరిక పోగొట్టుకుని, వేరే పదార్థంలా క్షీణిస్తుంది. 37 డిగ్రీల ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే శరీర ద్రవాలను పోలిన లవణ ద్రావణంలో, వచ్చిన ఫలితాన్ని కంపోస్టుకు అంటగట్టకూడదు, కంపోస్టుదాన్ని సముద్రపు నీటికి అసలే కూడదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం ముక్కలయ్యే పరీక్షలో 12 వారాల తరువాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి మిగలకూడదు. ఆ పరీక్షకు గుళికలు కాదు, సాగదీసి స్థిరపరచిన అసలు ఉత్పత్తినే, దాని అసలు మందంలోనే పంపండి.

బరువు తగ్గడం ఒక్కటే చూస్తూ కూర్చోకండి. గొలుసులు సగానికి సగం తెగినా, ముక్కలు నీళ్లలో కరిగేంత చిన్నవి కానంతవరకూ బరువు తగ్గదు. బలం మాత్రం ఎప్పుడో పోయి ఉంటుంది. పీజీఏ కుట్టు దారాలు రెండు నుంచి నాలుగు వారాల్లో బలం కోల్పోతాయి, పూర్తిగా మాయమవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ప్రతిసారీ తీసిన నమూనాకు బరువు, లాగుడు బలం, జీపీసీతో (గొలుసులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే పద్ధతి) అణుభారం మూడూ కొలవండి. మిగిలిన ముక్కను మరోసారి డీఎస్‌సీలో పెట్టండి. స్ఫటికాల శాతం మొదటికంటే పెరిగి కనిపిస్తే కంగారుపడొద్దు. అస్ఫటిక భాగం ముందు పోవడం వల్ల స్ఫటికాల వాటా పెరిగి కనిపిస్తుంది. తెగిన పొట్టి గొలుసులు కొన్ని కొత్తగా స్ఫటికాల్లో చేరతాయి కూడా. సాగదీసినదాంట్లో ఈ పెరుగుదల సాగదీయనిదానికంటే తక్కువగా ఉందో లేదో చూడండి. తక్కువుంటే క్షీణత ఇంకా అంత ముందుకు వెళ్లకపోవడం వల్ల కావచ్చు, మొదట్లోనే అస్ఫటిక భాగం తక్కువగా ఉండటం వల్ల కూడా కావచ్చు. గడువు పొడిగించి మళ్లీ తీయాలి.